తరగతికీ కొలువుకీ నడుమ తొలి సెమిస్టరు

విదేశీ చదువు గురించి కృష్ణా డెల్టాలో జరిగే చర్చ చాలావరకు విమానం ఎక్కే రోజుతోనే ముగిసిపోతుంది. ఏ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేయాలి, జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ స్కోరు ఎంత రావాలి, ఎన్ని బ్యాక్‌లాగ్‌లు ఉంటే సీటు కష్టమవుతుంది, బ్యాంకు ఏ ఆస్తిని తాకట్టు పెట్టుకుంటుంది, వీసా స్లాట్లు ఎప్పుడు తెరుస్తారు అన్న ప్రశ్నలతో విజయవాడ బెంజ్ సర్కిల్, లబ్బీపేట, మొగల్రాజపురం ప్రాంతాల్లోని కన్సల్టెన్సీల చుట్టూ నెలల తరబడి తిరిగే కుటుంబాలు, ఆ బిడ్డ అక్కడ దిగిన తర్వాత తొలి సెమిస్టరులో, అంటే సుమారు 15 నుంచి 16 వారాల కాలంలో, ఏం చేయవలసి ఉంటుందో విచారించడం అరుదు. తరగతులు, పార్ట్‌టైమ్ పని, ఇంటర్న్‌షిప్ వెతుకులాట అనే మూడూ ఆ వారాల్లో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, రెండేళ్ల ఎం.ఎస్. చదువు ఏ దారిన పడుతుందో కూడా చాలావరకు అప్పుడే తేలిపోతుంది. అప్పు తీర్చాలన్న ఆత్రంతో ఆ కాలాన్ని సంపాదనకు ఇచ్చేసిన విద్యార్థి, అప్పు నిజంగా తీర్చగల ఉద్యోగానికి దారితీసే ఇంటర్న్‌షిప్‌ను చేజేతులా దూరం చేసుకుంటున్నాడన్న విషయం డెల్టా కుటుంబాలకు స్పష్టంగా చెప్పవలసిన అవసరం ఉంది.

ఈ ముడి ఎంత గట్టిదో అంకెలు కొంత చెబుతాయి. అమెరికాలోని విదేశీ విద్యార్థుల వివరాలను ఏటా ప్రకటించే ‘ఓపెన్ డోర్స్’ నివేదిక ప్రకారం 2023–24 విద్యా సంవత్సరంలో ఆ దేశంలో భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కు చేరి, చాలా ఏళ్ల తర్వాత చైనాను దాటింది. అందులో 97,556 మంది అప్పటికే తరగతులు ముగించుకుని ఓపీటీలో, అంటే చదివిన అంశానికి సంబంధించిన ఉద్యోగంలో శిక్షణ పొందేందుకు విద్యార్థి వీసాపైనే లభించే అనుమతి కాలంలో, ఉన్నారు. లెక్కలో విద్యార్థిగా కనిపించే ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు నిజానికి కొలువు చేస్తున్నవారు. చదువు వేరు, కొలువు వేరు అని విడదీసి చూసే మన అలవాటు అక్కడి ఏర్పాటుకు సరిపోదు.

కాలువల నుంచి కళాశాలల దాకా

డెల్టా నుంచి విదేశాలకు సాగిన ఈ ప్రయాణానికి మూలం నీటిలో ఉంది. ఆర్థర్ కాటన్ ఆలోచన మేరకు కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట, రెండు గట్లవైపులా కాలువలు పారించి మాగాణి సేద్యాన్ని స్థిరపరచింది. ఆ పంట మిగులులో కొంత భాగం తరవాతి తరాల్లో సత్రాలకు, వసతి గృహాలకు, కళాశాలలకు మళ్లింది. 1937లో ఎస్ఆర్ఆర్ కళాశాల, 1953లో ఆంధ్ర లయోలా, 1977లో కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల, 1980లో వడ్డేశ్వరంలో కోనేరు లక్ష్మయ్య ఇంజనీరింగ్ కళాశాల వరుసగా వెలిశాయి. సేద్యంలో మిగిలిన డబ్బు వ్యాపారానికి, పరిశ్రమకు, చదువుకు ఎలా ప్రవహించిందో సామాజిక మానవశాస్త్రవేత్త కేరల్ ఉపాధ్య 1988 నుంచే కోస్తాంధ్రను క్షేత్రంగా తీసుకుని రాస్తూ వచ్చారు. పొలం అమ్మి లేదా తాకట్టు పెట్టి బిడ్డను అమెరికా పంపడం ఇక్కడ సాహసంగా కాక సహజమైన పెట్టుబడిగా కనిపించడానికి ఈ నూటడెబ్బై ఏళ్ల చరిత్రే కారణం.

తొలి తరం వారి అనుభవాన్ని పరిశీలిస్తే చదువూ పనీ ఒకే కప్పు కింద సాగిన తీరు కనిపిస్తుంది. పొరుగు డెల్టాలోని భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు అందించిన సాయంతో 1922లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూనే పొట్టపోసుకోవడానికి ఒక ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. కండరాలకు శక్తినిచ్చే భాస్వర సమ్మేళనాలపై ఆయన చేసిన పరిశోధన ఆ తర్వాతి ఏళ్లలో వచ్చింది. కృష్ణా పశ్చిమ డెల్టాలోని యలవర్రు గ్రామంలో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో తోళ్ల సాంకేతిక శాస్త్రం అభ్యసించి వచ్చి, మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు సంచాలకులయ్యారు. మొవ్వ దగ్గరి పెదముత్తేవిలో 1925లో పుట్టిన కాకర్ల సుబ్బారావు 1951లో అమెరికా వెళ్లి, ఆస్పత్రిలో రెసిడెంటుగా, అంటే రోగులను చూస్తూనే శిక్షణ పొందే వైద్యుడిగా, రేడియాలజీ నేర్చుకున్నారు; తర్వాతి కాలంలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం ‘తానా’కు తొలి అధ్యక్షులయ్యారు. వీరిలో ఎవరికీ వాట్సాప్ బృందాలు లేవు, ముందు వెళ్లిన సీనియర్ల గదులు లేవు. కానీ వారి చదువులు, ముఖ్యంగా వైద్యం, పనిచేస్తూ నేర్చుకోవడాన్ని తమ నిర్మాణంలోనే పొదువుకున్నవి. కంప్యూటర్ సైన్సు, డేటా సైన్సు చదవడానికి ఇప్పుడు వెళ్లే విద్యార్థి ఆ పనిచేస్తూ నేర్చుకునే భాగాన్ని తానే వెతికి, తానే సంపాదించి, నిబంధనలకు లోబడి చదువుకు జతచేసుకోవాలి. కష్టమంతా ఆ జతచేయడంలోనే ఉంది.

వారానికి 47 గంటలు

హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటు జారీచేసే ఎఫ్-1 విద్యార్థి వీసా ఒక షరతుల కట్ట. విశ్వవిద్యాలయం పంపే ఐ-20 అనే పత్రంలో కోర్సు పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, అయ్యే ఖర్చు ఉంటాయి. ఆ వివరాలన్నీ సెవిస్ అనే కేంద్ర సమాచార వ్యవస్థలో నమోదవుతాయి. దానికి 350 డాలర్ల రుసుము విద్యార్థే కట్టాలి. 2025 మే చివరిలో విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపి, జూన్‌లో సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్న నిబంధనతో తిరిగి తెరిచినప్పుడు, ఆగస్టు తరగతులకు అందుకుంటామా లేదా అన్న ఆందోళనలో ఎన్నో ఇళ్లు పడ్డాయి. కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు మాత్రమే ఆ దేశంలో అడుగుపెట్టనిస్తారు. అడుగుపెట్టాక సంప్రదించవలసిన మొదటి వ్యక్తి డీఎస్ఓ, అంటే విదేశీ విద్యార్థుల రికార్డులకు బాధ్యత వహించే విశ్వవిద్యాలయ అధికారి. చిరునామా మారినా, ఒక కోర్సు మానుకోవాలన్నా, ఇంటర్న్‌షిప్‌కు అనుమతి కావాలన్నా ఆ కార్యాలయానికి చెప్పకుండా ముందుకు పోకూడదు. స్నేహితుల మాటను నమ్మి ఆ గుమ్మం తొక్కకపోవడమే మన విద్యార్థులకు ఎక్కువ కష్టాలు తెచ్చిపెడుతున్నది.

మాస్టర్స్ విద్యార్థి సాధారణంగా ఒక సెమిస్టరులో 9 క్రెడిట్లు, అంటే మూడేసి క్రెడిట్ల మూడు కోర్సులు తీసుకోవాలి. వారానికి మూడే సబ్జెక్టులని విన్న తల్లిదండ్రులకు అది తేలికగా తోస్తుంది. కానీ అమెరికా విద్యాశాఖ నిర్వచనం ప్రకారం ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత పని. ఆ లెక్కన 9 గంటల తరగతులకు 18 గంటల చదువు కలిసి 27 అవుతాయి. సెమిస్టరు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో చేయనిచ్చే పని గరిష్ఠంగా 20 గంటలు. రెండూ కలిపితే 47 గంటలు; ఇది నియమం ప్రకారం కనీస లెక్క మాత్రమే. కొత్త ప్రోగ్రామింగ్ భాషలో మొదటి అసైన్‌మెంటు చేస్తున్నవారికి రెండు గంటల పని ఐదు గంటలు పట్టడం మామూలే. దీనికి నలుగురు కలిసి తీసుకున్న ఇంట్లో వంతులవారీ వంట, బస్సు సౌకర్యం అంతంతమాత్రమైన ఊళ్లలో సరుకులకు వెళ్లి రావడం, ఇంటికి ఫోను కలపాలంటే పగలు రాత్రిగా మారే సమయ భేదం తోడవుతాయి.

ఈ గంటలను ముందు ఎవరు వాడుకుంటారన్నది నిర్ణాయకమైన విషయం. డెల్టా రైతుకు బాగా తెలిసినట్టుగా, పై ఆయకట్టువారు తూములెత్తి నీరంతా మళ్లించుకుంటే శివారు పొలానికి చుక్క చేరదు. వారంలో తాజాగా ఉన్న గంటలను షిఫ్టులు తీసుకుంటే చదువుకు మిగిలేది అర్ధరాత్రి తర్వాతి అలసటే. ఆ షిఫ్టుల రాబడి ఎంతో కూడా చూడాలి. 2009 నుంచి మారని కేంద్ర కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో చేరే టెక్సాస్‌లో రాష్ట్ర కనీస వేతనమూ అంతే. ఆ రేటుకు 20 గంటలు పనిచేస్తే వారానికి 145 డాలర్లు. సరుకులకు, ఫోను బిల్లుకు ఇది నిజంగా ఉపయోగపడే మొత్తమే గానీ ట్యూషన్ ఫీజును తాకగలిగినది కాదు. ఫీజును తాకగలిగిన పని వేరే ఉంది: ఆచార్యుడికి బోధనలో తోడ్పడే టీచింగ్ అసిస్టెంటు, పరిశోధనలో తోడ్పడే రీసెర్చ్ అసిస్టెంటు పదవులతో పాటు చాలాచోట్ల ఫీజు రాయితీ కూడా వస్తుంది. కొత్తగా వచ్చిన ఎం.ఎస్. విద్యార్థికి అవి మొదటి సెమిస్టరులో దొరకడం అరుదు. తన తరగతిలో కూర్చుని, ప్రశ్నలడిగి, మంచి గ్రేడు తెచ్చుకున్నవారిని ఆచార్యులు రెండో సెమిస్టరులో పిలుస్తారు. అలసటతో వెనక బెంచీలో కునుకు తీసినవారు ఆ పిలుపు పరిధిలో ఉండరు.

క్యాంపస్ బయట పెట్రోలు బంకుల్లో, మోటళ్లలో, రెస్టారెంట్లలో నగదు చేతికిచ్చే పనుల ప్రస్తావన ఇక్కడ దాటవేయడం నిజాయితీ కాదు. అనుమతి లేని అటువంటి పని ఎఫ్-1 హోదాకు ఉల్లంఘన. జీతం ఎగ్గొట్టినా, దొంగతనం జరిగి గాయపడినా ఫిర్యాదు చేయడానికి విద్యార్థి భయపడతాడు. ఆ భయం తెలిసిన యజమానులే ఆ పని ఇస్తారు. ఇంటి నుంచి ‘ఇంకా పార్ట్‌టైమ్ దొరకలేదా’ అన్న ప్రశ్న ప్రతి ఆదివారం వెళ్తున్నప్పుడు, ఆ ప్రశ్న విద్యార్థిని ఎటు నెడుతున్నదో అడిగేవారు ఆలోచించాలి.

సిలబస్ ఒక ఒప్పంద పత్రం

విజయవాడ పరిసరాల్లో చదువుకున్న విద్యార్థి క్రమశిక్షణలో ఎవరికీ తీసిపోడు. 1986లో ఈ నగరంలోనే మొదలైన శ్రీచైతన్య వంటి సంస్థలు రూపుదిద్దిన ఇంటర్మీడియట్ పద్ధతిలో తెల్లవారుజాము స్టడీ అవర్ మొదలు వారాంతపు పరీక్ష దాకా ప్రతి గంటకూ ముందే ఒక పని నిర్ణయమై ఉంటుంది. తన గంటను తానే నిర్ణయించుకోవలసిన అవసరం ఆ విద్యార్థికి అంతవరకు కలగలేదు. ఇంజనీరింగులో ఆ పట్టు సడలినా, మిడ్ పరీక్షకు నాలుగు రోజుల ముందు, సెమిస్టరు పరీక్షకు రెండు వారాల ముందు కూర్చుంటే గట్టెక్కవచ్చన్న అనుభవం స్థిరపడుతుంది. అమెరికా తరగతిలో ఈ రెండు అలవాట్లూ పనికిరావు.

అక్కడ మొదటి తరగతిలోనే చేతికందే సిలబస్, మన పాఠ్యప్రణాళికలా అధ్యాయాల జాబితా మాత్రమే కాదు. ఆచార్యుడికీ విద్యార్థికీ మధ్య ఒప్పంద పత్రం. ఆరేడు పేజీల ఆ పత్రంలో ఏ వారం ఏ పాఠం, అంతకుముందు చదివి రావలసిన పేజీలు, ప్రతి అసైన్‌మెంటు గడువు రోజు, గడువు దాటితే తగ్గించే మార్కుల శాతం, హోంవర్కు, క్విజ్, ప్రాజెక్టు, మిడ్‌టర్మ్, చివరి పరీక్షల వాటాలు, ఆచార్యుడు తన గదిలో విద్యార్థుల కోసం కూర్చునే ఆఫీస్ అవర్స్ వేళలు, ఇతరుల పనిని నకలు చేస్తే ఎదురయ్యే చర్య, అన్నీ రాసి ఉంటాయి. చివరి పరీక్ష వాటా మొత్తంలో పావు వంతో మూడో వంతో మాత్రమే ఉన్న కోర్సులో, మొదటి నాలుగు వారాల హోంవర్కులను తేలికగా తీసుకున్నవారు చివర ఎంత శ్రమించినా ‘ఎ’ గ్రేడు అందుకోలేరు. మాస్టర్స్‌లో సగటు గ్రేడు, అంటే జీపీఏ, సాధారణంగా 3.0కు తగ్గకూడదు, తగ్గితే ప్రొబేషన్ అనే హెచ్చరిక దశలో పడి, అసిస్టెంటు పదవులకూ కొన్ని విభాగాల్లో ఇంటర్న్‌షిప్ అనుమతికీ అర్హత పోతుంది. మూడు సిలబస్‌లలోని గడువులను మొదటి వారంలోనే ఒకే క్యాలెండరులోకి ఎక్కించుకోవడం అనే చిన్న పని ఈ ప్రమాదాన్ని చాలా తగ్గిస్తుంది.

నకలు విషయంలో జరిగే పొరపాటు ఇంకా లోతైనది. డెల్టాలోని ఇంజనీరింగ్ కళాశాలల్లో ల్యాబ్ రికార్డు అంటే చాలావరకు సీనియర్ రికార్డు చూసి అందంగా దించి, సంతకం పెట్టించుకునే పుస్తకం. దాన్ని తప్పుగా ఎవరూ చూడరు. స్నేహితుడికి రికార్డు ఇవ్వకపోవడమే తప్పుగా చూస్తారు. అదే స్నేహధర్మంతో అమెరికాలో ఒక అసైన్‌మెంటు కోడ్‌ను రూమ్మేట్‌కు పంపితే, పంపినవారూ తీసుకున్నవారూ ఇద్దరూ విచారణకు నిలబడాలి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అలెక్స్ ఐకెన్ 1994లో రూపొందించిన మాస్ అనే సాఫ్ట్‌వేర్, వేరియబుల్ పేర్లు మార్చినా వరుసలు అటూ ఇటూ జరిపినా, రెండు ప్రోగ్రాముల నిర్మాణంలోని పోలికను పట్టి చూపుతుంది. ఇది నైతికత లోపించినవారి సమస్య అనుకోవడం సరికాదు. ఒక పద్ధతిలో గుణంగా నేర్చుకున్నది మరో పద్ధతిలో నేరమవుతున్నదని బయలుదేరే ముందు చెప్పేవారు లేకపోవడమే అసలు సమస్య, ఆ చెప్పవలసిన బాధ్యత ఇక్కడి కళాశాలలది.

ఆఫీస్ అవర్స్‌ను కూడా మన విద్యార్థులు ఆలస్యంగా కనుగొంటారు. అధ్యాపకుల గదికి పిలుపు వచ్చిందంటే ఏదో తప్పు జరిగిందన్న భావనతో పెరిగినవారు, ‘నాకు ఈ భాగం అర్థం కాలేదు’ అని తమంతట తాము తలుపు తట్టడానికి సంకోచిస్తారు. అక్కడ అలా తట్టినవారినే ఆచార్యుడు పేరుతో గుర్తుపెట్టుకుంటాడు. సిఫారసు లేఖ, ప్రయోగశాలలో చోటు, పూర్వ విద్యార్థి ఒకరికి పరిచయం వంటివి ఆ గుర్తింపు నుంచే వస్తాయి.

ఒక పేజీ రెజ్యూమె

చదువు మధ్యలో పరిశ్రమకు పంపే పద్ధతిని అమెరికాలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజనీరింగ్ ఆచార్యుడు 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ప్రవేశపెట్టాడు. తరగతిలో నేర్పలేనిది కార్ఖానాలో, కార్ఖానాలో తెలియనిది తరగతిలో నేర్చుకునేలా విద్యార్థులను రెండింటి మధ్యా తిప్పుతూ ఉండాలన్నది ఆయన వాదన. కో-ఆప్ అనే పేరుతో స్థిరపడిన ఆ పద్ధతీ, వేసవి సెలవుల్లో పదీ పన్నెండు వారాలు చేసే ఇంటర్న్‌షిప్పూ ఇవాళ అక్కడి కంపెనీలకు ఉద్యోగులను ఎంచుకునే ప్రధాన మార్గాలు. వేసవి అంతా ఒక విద్యార్థి పని చూసిన కంపెనీ, చదువు పూర్తయ్యాక అతనికే ఉద్యోగం ఇవ్వడానికి మొగ్గు చూపుతుంది.

ఈ ఏర్పాటులోని కాలపట్టిక మన విద్యార్థులను తికమక పెడుతుంది. వచ్చే మే నెలలో మొదలయ్యే ఇంటర్న్‌షిప్‌లకు పెద్ద కంపెనీలు ఆగస్టు, సెప్టెంబరు నుంచే దరఖాస్తులు తీసుకుంటాయి. విశ్వవిద్యాలయాలు కెరీర్ ఫెయిర్లను, అంటే కంపెనీల ప్రతినిధులు బల్లలు వేసుకుని కూర్చుని విద్యార్థులతో మాట్లాడే మేళాలను, ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నడుపుతాయి. ఆగస్టు రెండో వారంలో దిగిన విద్యార్థికి అప్పటికి ఇల్లు కుదరడమే గగనం. బ్యాంకు ఖాతా తెరవడం, లీజు మీద సంతకాలు, మొదటి అసైన్‌మెంటు గడువు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ హడావుడిలో మొదటి ఫెయిర్‌కు వెళ్లకుండా ‘వచ్చే సెమిస్టరులో చూద్దాం’ అనుకున్నవారు తిరిగి చూసేసరికి ఫిబ్రవరి వస్తుంది, పెద్ద కంపెనీలలో చాలా ఖాళీలు అప్పటికే నిండిపోయి ఉంటాయి. కాబట్టి రెజ్యూమె విజయవాడలోనే, జూన్, జులై నెలల్లో సిద్ధం కావాలి.

ఇక్కడి రెజ్యూమెను ఒకసారి దగ్గరగా చూద్దాం. మూడు పేజీలు; పైన పాస్‌పోర్టు సైజు ఫోటో; తండ్రి పేరు, పుట్టిన తేదీ, వైవాహిక స్థితి; పదో తరగతి నుంచి మార్కుల శాతాల పట్టిక; ‘కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే స్వభావం’ అనే బలాల జాబితా; చివర ‘పై వివరాలన్నీ వాస్తవమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న ప్రమాణం, దాని కింద ఊరు, తేదీ, సంతకం. అమెరికా రిక్రూటరుకు వీటిలో దాదాపు ఏదీ అక్కరలేదు. అతను చూసేది ఒకే పేజీ: ఏ కోర్సులో ఉన్నారు, ఎప్పుడు పూర్తవుతుంది, ఏమేమి తయారుచేశారు, దాని వల్ల ఏం మారింది. ‘పైథాన్ తెలుసు’ అన్న మాట కంటే, ఉయ్యూరు ప్రాంత చెరకు రైతుల తూకం రసీదులను ఫోనులో నమోదు చేసుకునే చిన్న అప్లికేషన్ రాసి, దాన్ని ఎంతమంది వాడారో చెప్పగలిగే ఒక వాక్యం ఎక్కువ పనిచేస్తుంది. ఆ వాక్యం రాయగలగాలంటే ఆ పని నిజంగా చేసి ఉండాలి. ప్రాజెక్టు సెంటర్‌లో డబ్బిచ్చి కొన్న రెడీమేడ్ ప్రాజెక్టు, ‘ఇందులో ఏ సమస్య ఎదురైంది, దాన్ని ఎలా పరిష్కరించారు’ అన్న మొదటి ప్రశ్న దగ్గరే తేలిపోతుంది.

ఇంటర్న్‌షిప్ దొరికాక కూడా ఒక కాగితం మిగిలి ఉంటుంది. సీపీటీ అనే ఆ అనుమతి, ఇంటర్న్‌షిప్ కోర్సులో అంతర్భాగమని విశ్వవిద్యాలయం ధ్రువీకరించి ఇచ్చేది. సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం, అంటే ఫాల్, స్ప్రింగ్ రెండు సెమిస్టర్లు చదివాకే లభిస్తుంది గనుక వేసవి దానికి సరిగ్గా అమరుతుంది. కంపెనీ పేరు, పని మొదలయ్యే రోజు, ముగిసే రోజు ఐ-20 మీద నమోదవుతాయి. ఆ తేదీకి ఒక్క రోజు ముందు పనిలో చేరినా, వేరే కంపెనీకి మారినా అది అనుమతి లేని పనే. పూర్తికాలపు సీపీటీని 12 నెలలు లేదా అంతకు మించి వాడుకుంటే అదే స్థాయి చదువుకు ఓపీటీ అర్హత పోతుంది. ఆ ఓపీటీ మొదట 12 నెలలు. విజ్ఞాన, సాంకేతిక, ఇంజనీరింగ్, గణిత కోర్సులు చదివినవారికి 2016 నిబంధనల ప్రకారం మరో 24 నెలల పొడిగింపు. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. తొలి సెమిస్టరు నుంచి వేసవి ఇంటర్న్‌షిప్‌కు, అక్కడి నుంచి ఓపీటీ ఉద్యోగానికి ఉన్న గొలుసు ఇది.

అప్పు తొందర, అడ్డదారి

విద్యారుణం మీద మొరటోరియం, అంటే వాయిదాలు మొదలుకాని వెసులుబాటు కాలం, బ్యాంకును బట్టి చదువు పూర్తయ్యాక ఆరు నెలలో ఏడాదో ఉంటుంది; వడ్డీ మాత్రం డబ్బు విడుదలైన రోజు నుంచే పెరుగుతూ ఉంటుంది. ఇల్లో స్థలమో తాకట్టులో ఉన్న కుటుంబంలో ఆ వడ్డీ ప్రతి నెలా వినిపించే మాట. ఆ ఒత్తిడి ఉన్నచోటే అడ్డదారులు చూపేవారు పుట్టుకొస్తారు. తరగతులు నామమాత్రంగా ఉండి, చేరిన మొదటి రోజు నుంచే పూర్తికాలపు పని అనుమతి ఇస్తామనే సంస్థలు, లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాసి ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంట్లు విద్యార్థికి ఫోనులోనే ఎదురవుతారు.

ఆ దారి ఎక్కడికి తీసుకెళ్తుందో తెలుగు సమాజం రెండుసార్లు చూసింది. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో నడిచిన ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంపై 2011 జనవరిలో అధికారులు దాడి చేసినప్పుడు, అందులో చేరిన వెయ్యిమందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలోనూ పెద్ద భాగం నాటి ఆంధ్రప్రదేశ్ వారు. వందలమంది చిరునామాగా సన్నీవేల్‌లోని ఒకే అపార్టుమెంటు రికార్డులో ఉంది. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తగిలించడంపై భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. ఆ సంస్థ అధిపతికి 2014లో 16 ఏళ్లకు పైబడిన జైలుశిక్ష పడింది. ఆ దాడి జరిగిన ఎనిమిదేళ్ల తర్వాత, 2019 జనవరిలో, మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం నిజానికి అమెరికా అధికారులే నడిపిన నకిలీ సంస్థ అని బయటపడింది. తొలుత అదుపులోకి తీసుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు. వల పన్నిన పద్ధతి న్యాయమా అన్న ప్రశ్న అమెరికాలోనే వచ్చింది, రావలసినదే. అయినా ఆ రెండు చోట్లా విద్యార్థులను లాగినది ఒకటే ఆశ: తరగతికి వెళ్లకుండా కొలువుకు వెళ్లవచ్చునన్నది. తెలుగు సాంకేతిక నిపుణుల వలస వెనక ఏజెంట్ల వ్యవస్థను హైదరాబాదులోనూ సిడ్నీలోనూ పరిశీలించి మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ 2007లో వెలువరించిన పుస్తకం, ఈ ఆశ ఎంత పాత వ్యాపారానికి ముడిసరుకో చూపుతుంది.

పై మెట్టు కూడా ఇరుకైంది. ఉద్యోగ వీసా హెచ్-1బి ఏటా సాధారణ కోటాలో 65,000, అమెరికా మాస్టర్స్ పట్టా ఉన్నవారికి అదనంగా 20,000 మాత్రమే. దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల చెల్లింపును ప్రకటించడంతో కంపెనీలు మరింత ఆచితూచి అడుగేస్తున్నాయి. ఇంటర్న్‌షిప్‌లో పని చూసి నమ్మకం కుదిరినవారి కోసమే ఏ కంపెనీ అయినా అంత శ్రమ పడుతుంది.

జర్మనీ వైపు చూస్తున్న డెల్టా విద్యార్థుల సంఖ్య పెరగడానికి ఇదొక కారణం. అక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు గానీ, పట్టాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం 2022 నవంబరు నుంచి తప్పనిసరి. ఏడాది జీవన వ్యయానికి 11,904 యూరోలు నెలనెలా మాత్రమే తీసుకోగల ఖాతాలో జమ చేయాలి. చదివిన అంశంలోనే కంపెనీలో పనిచేసే వెర్క్‌స్టూడెంట్ విధానం అక్కడి ప్రత్యేకత. అయితే ఆ కొలువులు చాలావరకు జర్మన్ వచ్చినవారికే దక్కుతాయి కాబట్టి, భాషకు పెట్టే సమయం అక్కడి మొదటి సెమిస్టరులో నాలుగో భారం అవుతుంది.

ఇక్కడే మొదలు పెట్టదగిన పని

అమరావతి ప్రాంతంలో 2017లో ప్రారంభమైన ఎస్ఆర్ఎం, విట్ విశ్వవిద్యాలయాలు బి.టెక్. మధ్యలో ఒక సెమిస్టరును విదేశీ భాగస్వామ్య సంస్థలో చదివి వచ్చే అవకాశం కల్పిస్తున్నాయి. పూర్తి పట్టాకు అప్పు చేసే ముందు ఆ తరగతి పద్ధతిని రుచి చూడటానికి అది మేలైన మార్గమే కానీ ఖర్చు భరించగలిగినవారికే అందుతుంది. గుడివాడ, అవనిగడ్డ, చల్లపల్లి, మచిలీపట్నం కళాశాలల్లో చదివే ఎక్కువమందికి అందుబాటులో ఉన్నది వేరే. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి మూడేళ్ల డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు: మొదటి సంవత్సరం తర్వాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో సంవత్సరం తర్వాత మరో రెండు నెలలు, చివరి సంవత్సరంలో ఒక పూర్తి సెమిస్టరు. ఆలోచనగా ఇది ష్నైడర్ వాదనకు దగ్గరిది. ఆచరణలో మాత్రం చాలాచోట్ల ఆన్‌లైన్ వీడియోలు చూసి తెచ్చుకున్న సర్టిఫికెట్టుగా, ఒకరి నుంచి ఒకరు దించుకున్న నివేదికగా మిగిలిపోతున్నది.

అదే సామాజిక సేవా ప్రాజెక్టులో ఒక విద్యార్థి దివిసీమలో తన ఊరి మంచినీటి బోర్లలో ఉప్పు శాతం ఏ నెలలో ఎంత పెరుగుతున్నదో కొలిచి, ప్రతి శుక్రవారం ఒక పేజీ నివేదిక తన మాటల్లో రాసి, గడువు దాటితే మార్కులు కోల్పోయి, చివర అధ్యాపకుల ముందూ పంచాయతీ సభ్యుల ముందూ నిలబడి ప్రశ్నలకు జవాబు చెబితే, గడువు, సొంత రాత, మౌఖిక వివరణ అనే మూడూ విమానం ఎక్కకుండానే అలవాటవుతాయి. విదేశానికి వెళ్లని విద్యార్థికీ అవి అంతే ఉపయోగం. ఇందుకు కళాశాలలు చేయవలసినది ఒక్కో అధ్యాపకుడికి అప్పగించే ప్రాజెక్టు విద్యార్థుల సంఖ్యను చదివి దిద్దగలిగినంతకు పరిమితం చేసి, ఆ గంటలను అతని బోధన భారంలో లెక్కించడం. వచ్చే వేసవిలో మొదటి సంవత్సరం విద్యార్థులతో దీన్ని మొదలుపెట్టడానికి కొత్త ఉత్తర్వు ఏదీ అక్కరలేదు.